అనుమతి లేని మామ్మ

మా జిల్లాలో ఇప్పుడు పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరి ముందు కూర్చున్నాయన మీ పిల్లాడి పేరు అడగడు. "మీవాడిది ఏ గ్రూపండి? ఏ కాంబినేషనండి?" అని అడుగుతాడు. గ్రూపంటే ఎంపీసీయో బైపీసీయో. కాంబినేషనంటే పొద్దున్నే చేప నూనె గోళీ మీద బ్రాహ్మి మాత్ర వేసుకుంటాడా, లేక అశ్వగంధ చూర్ణం మీద సరస్వతీ లేహ్యం నాకుతాడా అని. ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పలేని తండ్రి పెరుగు వడ్డించేదాకా కూర్చోలేక లేచిపోతున్నాడు.

ఈ పిచ్చి మొదట ఇళ్ళల్లోనే పుట్టింది. ఫోన్లో వీడియో చూసి ఎవరికి తోచిన మందు వాళ్ళు, ఎవరికి తోచినట్టు కలిపి పిల్లల నోట్లో పోశారు. మా కాలేజీ కుర్రాడొకడు తల్లి ఇచ్చింది, మేనత్త ఇచ్చింది, ట్యూషన్ మాస్టారు ఇచ్చింది ఒకేసారి మింగి వచ్చి, ఫిజిక్స్ పరీక్షలో కెమిస్ట్రీ జవాబులు ఎక్కడా తడుముకోకుండా రాశాడు. అడిషనల్ షీట్లు కూడా అడిగి తీసుకున్నాడు. జ్ఞాపకశక్తి పెరిగిందనడానికి ఇంతకంటే ఏం కావాలని తల్లిదండ్రులు మురిసిపోయారు. కలిపే పని జనం చేతుల్లో ఉండకూడదని పైవాళ్ళు అనుకున్నారు. అలా ఏర్పడింది విద్యార్థి మేధా సమతుల్య మండలి.

ఆ మండలిలో నేనూ సభ్యుణ్ణి. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను కాబట్టి, "ఆకులన్నీ మీ సబ్జెక్టే కదా మాస్టారూ" అని వేశారు. అలాగైతే చేప నూనె ఉంది, జువాలజీ వాళ్ళనీ వేయండన్నాను. చేప గోళీలోకి ప్రవేశించాక జంతువు కిందికి రాదని ఛైర్మన్ విశ్వంభర గారు రూలింగ్ ఇచ్చారు. ఆయన తూనికలు కొలతల శాఖలో చేసి రిటైరైన మనిషి. ప్రపంచంలో తూచలేనిది ఉంటుందంటే ఆయనకు కోపం వస్తుంది.

మొదటి సమావేశంలో నా పని ఒక్కటే. మందులన్నీ ముందే పరీక్షకు పంపాం కాబట్టి, లాబ్ వాళ్ళు ఏమన్నారో సభకు చెప్పాలి. "ఇవి తిన్న పిల్లలకీ తినని పిల్లలకీ తేడా ఏమీ కనపడలేదంటున్నారండీ" అన్నాను. ఛైర్మన్ గారు ఆ సమయంలో ప్రారంభోత్సవం ఫ్లెక్సీలో తన ఫొటో ఎంత ఉండాలో చూస్తున్నారు. మళ్ళీ చెప్పాను. అప్పుడు టీ వచ్చింది. మూడోసారి గొంతు పెంచి చెబితే తల ఎత్తారు.

"తేడా లేదంటే, దుష్ప్రభావం కూడా లేనట్టే కదా?"

"ప్రభావమే లేదండి."

"శుభం. ఏ ప్రభావమూ లేనందువల్ల ఏ హానీ లేదు. హాని లేనందువల్ల ఆమోదించడమైనది."

అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను. గదిలో అన్ని చేతులూ పైకి లేచినప్పుడు ఒక్క చెయ్యి ఒళ్ళో పడుకుని ఉంటే బావుండదు.

ఆ తర్వాత పని చకచకా సాగింది. ఇంటర్లో చేరే ప్రతి విద్యార్థీ గ్రూపుతో పాటు మండలి ఆమోదించిన కాంబినేషన్ ఒకటి ఎంచుకోవాలి. ఉత్తమ కాంబినేషన్, మధ్యమ కాంబినేషన్, సాధారణ కాంబినేషన్. చేప నూనె ముట్టని వాళ్ళకు అవిసె గింజలు. ఏది మింగకూడదో, దేని మీద ఏది మింగాలో, మింగాక ఎంతసేపు కదలకూడదో గోడల మీద రాయించాం. టిఫిన్ తర్వాత మొదటి పీరియడ్‌ను శోషణ సమయంగా ప్రకటించాం. పాఠం చెబితే మందు ఒంటికి పట్టడానికి భంగం కలుగుతుందని ఆ పీరియడ్‌లో లెక్చరర్లు నోరు మెదపకూడదన్నారు. నేను చాక్‌పీస్ పట్టుకుని నిలబడేవాణ్ణి, పిల్లలు నా వైపు చూస్తూ శోషించేవాళ్ళు. కొందరు గురక పెట్టి మరీ శోషించేవాళ్ళు.

ఇంతవరకూ వచ్చాక ఛైర్మన్ గారిలో తూనికల మనిషి మేల్కొన్నాడు. "వేసినంత తూగాలి మాస్టారూ. ఏ కాంబినేషన్‌కు ఎన్ని మార్కులు రావాలో నిర్ధారించకపోతే మనం ఉన్నదెందుకు?" అన్నారు. నిర్ధారించాం. ఉత్తమ కాంబినేషన్‌కు ఇన్ని, మధ్యమానికి ఇన్ని. మందు పడని వాళ్ళు నిల్ కేటగిరీ, వాళ్ళకు పాసు మార్కులు. అంతకంటే తక్కువొస్తే విద్యార్థి బద్ధకం. ఎక్కువొస్తే ఏమిటన్న సంగతి ఎవరూ ఆలోచించలేదు. అంత మందు మింగాక ఎక్కువొస్తుందన్న అనుమానం మాలో ఎవరికీ లేదు మరి.

ఎక్కువొచ్చిన పిల్ల మా కాలేజీలోనే తేలింది.

గుబ్బల నాగపావని బైపీసీ చదివింది. వాళ్ళది కాలువకు అవతల పెదగరువు. చేప నూనె గోళీ గానీ అవిసె గింజ గానీ నోట్లో పడితే చాలు వాంతి చేసుకుంటుంది కాబట్టి నిల్ కేటగిరీలో వేశాం. ఫలితాలొచ్చాయి. మండలికి వచ్చిన లిస్టులో, జిల్లా మొత్తంలో బైపీసీలో ఆ పిల్లే ఫస్టు. అయితే ఆ పిల్లకిచ్చిన మెమోలో మార్కులుండాల్సిన చోట మార్కుల్లేవు. "ఫలితం నిలిపివేయడమైనది. కారణం: ఆధారాలకు మించిన జ్ఞాపకశక్తి" అని ఉంది.

పావని స్టాఫ్‌రూమ్‌కు వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏడ్చి వచ్చిందని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"సార్, సోమవారం వెటర్నరీ కౌన్సెలింగండి. రిజల్టు లేకపోతే లోపలికి కూడా రానివ్వరంట. నేనేం తప్పు చేశానండి?"

"ఎక్కువ గుర్తుపెట్టుకున్నావమ్మా."

"మరి మర్చిపోయినట్టు రాయాలని ముందే చెప్పొచ్చు కదండి!"

ఆ పిల్లకు పశువుల డాక్టరు కావాలని ఎంత కోరికో నాకు తెలుసు. క్లాసులో మొక్కల జబ్బులు చెబుతుంటే చెయ్యెత్తి గేదెల జబ్బులడిగేది. ఆ సీటు ఈసారి పోతే వాళ్ళమ్మ ఇంకో ఏడాది ఆగనివ్వదు, తనతో పాటు రొయ్యల ఫ్యాక్టరీలో పెట్టేస్తుంది. నాకు మండలి మీద మొదటిసారి ఒళ్ళు మండింది. ఆ మండలిలో నా చెయ్యి కూడా లేచి ఉందన్న సంగతి గుర్తొచ్చి ఇంకా మండింది.

విచారణకు మండలి నిఘా విభాగం అధికారి కోదండపాణి గారు జీపేసుకుని వచ్చారు. పూర్వం ఆదాయానికి మించిన ఆస్తుల కేసులు పట్టిన మనిషి. ఎవరింట్లో బీరువా చూసినా దీనికి ఆధారమేదని అడగడం ఆయనకు అలవాటు. స్థానిక సభ్యుణ్ణి కాబట్టి నన్నూ వెంట తీసుకెళ్ళారు.

పావని వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందు వసారాలో నులక మంచం మీద వాళ్ళ మామ్మ మంగతాయారు గోంగూర ఆకు దూస్తోంది. ఆవిడ పావనికి తండ్రి తల్లి. తండ్రి ఎప్పుడో పోయాడు, తల్లి ఫ్యాక్టరీకి వెళితే చీకటి పడ్డాకే వస్తుంది. ఇంట్లో ఉండేది మామ్మా మనవరాలే.

"అమ్మాయీ, నీకున్న జ్ఞాపకశక్తికీ, నువ్వు ప్రకటించిన ఆధారాలకూ పొంతన కుదరడం లేదు. ఆధారం స్వచ్ఛందంగా వెల్లడించిన పక్షంలో మండలి ఉదారంగా వ్యవహరిస్తుంది" అన్నారు కోదండపాణి గారు.

"ఏం తినలేదండి. అన్నం, కూర, మజ్జిగ."

"అందరూ మొదట ఇలాగే అంటారు."

సోదా మొదలైంది. కరివేపాకు కారం సీసా, ఉసిరికాయ పచ్చడి జాడీ, గేదె పాలు ఒక గ్లాసు సీలు వేశారు. గేదెకు ఏం పెడతారని అడిగి పచ్చగడ్డి కూడా ఒక గుప్పెడు సంచీలో వేసుకున్నారు. ఎక్కడా ఏమీ దొరక్క ఆయన చిరాకు పడి, "కనీసం ఎలా చదువుతావో చూపించు" అన్నారు.

పావని వెళ్ళి మామ్మ మంచం పక్కన కింద కూర్చుంది. పుస్తకం తెరవలేదు. "మామ్మా, గుండెలోకి రక్తం ఎలా వస్తుందో చెప్తాను విను" అని మొదలుపెట్టి గబగబా చెప్పేసింది.

మంగతాయారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఆఁ?" అంది.

పావని గొంతు పెంచి మళ్ళీ మొదటినుంచీ చెప్పింది.

"యేటోనే తల్లీ, నా చెవులు పాడుగాను. రక్తం యాడికెల్తాదంటన్నావు?"

మూడోసారి ఒక్కొక్క మాటా విడదీసి, చేత్తో నేల మీద బొమ్మ గీస్తూ, వీధికంతా వినపడేలా చెప్పింది. మామ్మ తల ఊపి గోంగూర మీదికి తిరిగింది.

"రోజూ ఇంతేనా?" అన్నారు కోదండపాణి గారు, చిన్నగా.

"ఇంతేనండి. మామ్మకి చెవుడండి. చెప్పిందంతా మూడుసార్లు చెప్తే గానీ వినపడదు. చిన్నప్పట్నించీ ఇంతే."

ఆయన ముఖం వెలిగిపోయింది. అక్కడికక్కడే పంచనామా రాయించారు: "గుర్తింపు లేని జ్ఞాపకవర్ధకం, ఒకటి, సజీవం." సీలు ఎక్కడ వేయాలో తెలియక కాసేపు మామ్మ చుట్టూ తిరిగారు. చివరికి మంచం కోడుకు వేశారు.

సంగతి ఆ సాయంత్రానికే ఊళ్ళు దాటింది. చెవిటి మామ్మ ఉన్న ఇంటికి ఒక్కసారిగా మర్యాద పెరిగింది. పెరటి గదుల్లో ఉన్న ముసలివాళ్ళను తీసుకొచ్చి ముందు హాల్లో ఫ్యాను కింద కూర్చోబెట్టారు. చెవి మిషన్లు పెట్టుకున్న వాళ్ళవి పీకి దాచేశారు. చెవులు బాగా వినపడే ఒక ముసలాయన, కోడలు తనను అంత మర్యాదగా పలకరించేసరికి భయపడి, పొరుగూళ్ళో కూతురి దగ్గరికి పారిపోయాడు.

మండలి అత్యవసరంగా సమావేశమైంది. ఛైర్మన్ గారిలో ఉత్సాహం చూస్తే ముచ్చటేసింది.

"సభ్యులారా, ఇది విప్లవాత్మక పరిణామం. ప్రశ్నలు నాలుగైదు ఉన్నవి. రోజుకు ఎంత మామ్మ? భోజనానికి ముందా, తర్వాతా? బోటనీ మాస్టారూ, దీనిని చేప నూనెతో కలిపి వాడవచ్చునా?"

"మామ్మకు చేపలంటే ఇష్టమేనండి" అన్నాను.

"నోట్ చేయండి, అనుకూలం. మామ్మ అందుబాటులో లేని విద్యార్థుల నిమిత్తం గుళిక రూపంలో సాధ్యమా?"

అది సాధ్యం కాదని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. చివరికి ఒక నిర్ణయానికి వచ్చారు. మామ్మలో పనిచేసే పదార్థం చెవుడు. ఎంత చెవుడుకు ఎన్ని మార్కులో కొలిచి తేల్చాలి. మంగతాయారును శుక్రవారం హాజరుపరచాలి. చెవుడు పావని మార్కులకు సరిపడా ఉంటే ఫలితం విడుదల చేస్తారు, లేకపోతే రద్దు చేస్తారు. మధ్యలో ఉన్నవి శని, ఆదివారాలు. సోమవారం కౌన్సెలింగ్.

శుక్రవారం మామ్మనూ మనవరాలినీ నేనే బస్సెక్కించి తీసుకెళ్ళాను. మంగతాయారు పెట్టెలో అడుగున ఉన్న గంజి పెట్టిన చీర కట్టుకుంది. దారిలో పావని నా చెవిలో, "సార్, ఈ మధ్య మామ్మకి బాగా ఎక్కువైందండి. నాలుగోసారి కూడా చెప్పించుకుంటోంది. సరిపోద్ది కదండీ?" అంది. మామ్మ చెవుడు ఎక్కువ కావాలని ఆ పిల్ల దేవుడికి మొక్కుకుంటోంది. మేం తెచ్చిన సమతుల్యం ఇదీ.

జిల్లా ఆసుపత్రి చెవుల డాక్టరు గారు మామ్మను మండలి ఆఫీసులోనే పెట్టించిన గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు తొడుగులు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా వేలెత్తమన్నారు. ఆవిడ వేలెత్తలేదు. ఆయన ఆవిడ నుదుటికీ చెవుల వెనకా తీగలంటించి ఇంకో మిషన్ పెట్టారు. దానికి మనిషి ఒప్పుకోలుతో పని లేదట, చెవికి వినపడితే అదే గీత గీస్తుందట. అది గీసింది. గీస్తూనే ఉంది.

డాక్టరు గారు మా ముందుకొచ్చి, "ఈవిడ చెవులు నా చెవులకంటే బావున్నాయి" అన్నారు.

కోదండపాణి గారు కలం తీసి "వయసుకు మించిన వినికిడి" అని రాసుకున్నారు.

పావని మామ్మ వైపు చూసింది. ఆ చూపు నేను చూడలేకపోయాను. "నీకు వినపడుద్దా మామ్మా? ఇన్నేళ్ళూ?" అంది.

మంగతాయారు తల వంచుకుంది. ఛైర్మన్ గారు బల్ల మీద కొట్టి, "ఏమమ్మా, ప్రభుత్వ మండలిని తప్పుదోవ పట్టించితివా? చెవుడు లేకుండానే చెవుడు ఉన్నట్టు ప్రవర్తించుటకు కారణమేమి?" అని గద్దించారు.

"మిమ్మల్నెందుకు పట్టిత్తానండి బాబూ, మీరెవరో కూడా నాకు తెల్దు" అంది మంగతాయారు. "వాళ్ళ నాన్న పోయిన కొత్తలో ఇది మాటాడేది కాదండి. నోట్లో నోట్లో గొణిగేసి ఎల్లిపోయేది. నాకు ఇనపడలేదే అంటే ఆగి, కూకుని మల్లీ చెప్పేది. అలాగైనా నా పక్కన కూకుంటాది కదాని చెవుడొచ్చిందన్నానండి. తర్వాత బల్లో పాఠాలు చెప్పడం మొదలెట్టింది. నాకు చదువు లేదండి, అది చెప్పేది రైటో తప్పో నాకేం తెలుత్తాది? కానండీ, తెలిసినోళ్ళు మూడోసారి కూడా అదే మాట చెప్తారు. తెలీనోళ్ళకి మూడోసారికి మాట మారిపోద్ది. మారిందనుకోండి, నాకు ఇంకా ఇనపడలేదని పుస్తకం దగ్గిరికి అంపేసేదాన్ని. అంతేనండి నాకొచ్చిన ఇద్దె."

పావని ఏడుస్తోంది. ఛైర్మన్ గారికి మాత్రం ఏమీ పట్టలేదు.

"విషాదకరం. పరీక్షలో తేలినదేమనగా, ఈ జ్ఞాపకవర్ధకంలో చెవుడు అనే క్రియాశీల పదార్థం బొత్తిగా లేదు. అసలు పదార్థమే లేని వస్తువు వల్ల వచ్చిన మార్కులను మండలి గుర్తించజాలదు. ఫలితము రద్దు చేయుటకు..."

నేను లేచాను. కోపంతో లేచాను గానీ, ఆ గదిలో కోపంగా మాట్లాడితే పని జరగదని తెలుసు కాబట్టి వాళ్ళ భాషలోనే మొదలుపెట్టాను.

"అధ్యక్షా, ఒక పూర్వ నిర్ణయం సభ దృష్టికి తేదలచాను. చేప నూనె మొదలు సరస్వతీ లేహ్యం దాకా మనం ఆమోదించిన ఏ మందులోనూ ప్రభావం చూపే పదార్థం లేదని లాబ్ తేల్చింది. ఏ ప్రభావమూ లేనందువల్ల ఏ హానీ లేదు, హాని లేనందువల్ల ఆమోదించడమైనది అని తమరే తీర్మానించారు. మంగతాయారు గారిలోనూ పదార్థం లేదని తమరే ఇప్పుడు సెలవిచ్చారు. మన కాంబినేషన్లకు ఉన్న అర్హత ఆవిడకూ ఉంది. ఆవిడను తిరస్కరిస్తే అవన్నీ తిరస్కరించాలి."

"అటువంటి తీర్మానం మనం చేసినట్టు నాకు జ్ఞాపకం లేదే" అన్నారు ఛైర్మన్ గారు. ఆయన ఉత్తమ కాంబినేషన్ మీద ఉన్నారు. చుట్టూ చూశారు. సభ్యులెవరికీ జ్ఞాపకం లేదు. వాళ్ళూ ఉత్తమమే.

"నాకు బాగా గుర్తుందండి. ఆ రోజు తమరు వినిపించుకోకపోతే మూడుసార్లు చెప్పాను."

ఛైర్మన్ గారు నా వైపు, గోడ మీద కాంబినేషన్ల ఫ్లెక్సీ వైపు, దానిలో నవ్వుతున్న తన ఫొటో వైపు చూశారు. ఆ ఫొటోను కాపాడుకోవాలంటే మామ్మను ఒప్పుకోక తప్పదు. ఎంతైనా తూకం తెలిసిన మనిషి.

"కావున," అన్నారు గొంతు సవరించుకుని, "పదార్థరహితమైనందున నిరపాయకరమని భావించి, సదరు మామ్మను ఉత్తమ కాంబినేషన్‌తో సమానంగా పరిగణిస్తూ, విద్యార్థిని ఫలితాన్ని తక్షణం విడుదల చేయడమైనది."

చేతులన్నీ లేచాయి. ఈసారి నాది అన్నిటికంటే ముందు లేచింది.

తిరుగు బస్సులో మామ్మ కిటికీ పక్కన, మనవరాలు ఈ పక్కన, వాళ్ళ వెనక సీట్లో నేను. పావని చేతిలో మార్కుల కాగితం ఉంది గానీ ముఖం మాత్రం ముడుచుకునే ఉంది. కాలువ వంతెన మీద బస్సు నెమ్మదించినప్పుడు ఆ పిల్ల తల తిప్పకుండానే, చాలా చిన్న గొంతుతో అంది.

"నాకు నీ మీద కోపం లేదే మామ్మా. హాస్టల్లో నువ్వు లేకుండా ఎలాగుండాలో తెలీట్లేదు."

వెనక ఉన్న నాకే వినపడింది. మంగతాయారు కిటికీలోంచి కాలువను చూస్తూ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఆఁ?" అంది.

పావని కాసేపు ఆవిడ వైపు చూసి, గొంతు పెంచి మళ్ళీ చెప్పింది.

"ఇనపడట్లేదే. బస్సు మోత."

ఈసారి పావని ఒక్కొక్క మాటా విడదీసి, గట్టిగా చెప్పింది. ముందు సీట్ల వాళ్ళు వెనక్కి తిరిగారు. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి చూశాడు. ఒక్క మాట కూడా మారలేదు.

మామ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఇనపడిందిలే" అంది.